హైదరాబాద్‌లో జనం తక్కువగా వెళ్లే రాజభవనాలు: చూడాలంటే ఏం చేయాలి

చౌమహల్లాకు వెళ్లాలంటే టికెట్ కొనుక్కుంటే చాలు. ఫలక్‌నుమా 2010 నుంచి తాజ్ హోటల్, అక్కడ ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే ప్రవేశం. హైదరాబాద్ రాజభవనాలంటే చాలామందికి ఈ రెండే. నిజాంలు, వాళ్ల దివాన్లు (ప్రధానమంత్రులు), హోదాలో నిజాంల తర్వాతి స్థానంలో ఉండే పాయ్‌గా వంశపు నవాబులు కట్టించిన మరో డజను పైచిలుకు భవనాలు ఊళ్లో ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో బడి నడుస్తోంది, ఒకదాని ఆవరణలో ఆస్పత్రి ఉంది, ఒకటి మహిళా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది, ఇంకొకదాంట్లో అధికారులకు శిక్షణ ఇస్తారు. అందుకే అడ్రసు దొరికినంత మాత్రాన భవనం చూసినట్టు కాదు. ఆ గేటు ఇవాళ ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని బయల్దేరితే సగం పని అయినట్టే. అది తెలియకపోతే ఎండలో అంత దూరం వెళ్లి వాచ్‌మన్‌తో మాట్లాడి తిరిగి రావడమే మిగులుతుంది.

మొదట గేట్లను మూడు రకాలుగా విడదీయండి

కాగితం తీసుకుని మీరు చూడాలనుకున్న భవనాలను మూడు వరుసల్లో రాసుకోండి.

మొదటి వరుసలో టికెట్ కొని నేరుగా లోపలికి వెళ్లగలిగేవి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం ఈ కోవలోది. ఇంతకుముందు చూసి ఉండకపోతే చౌమహల్లాను కూడా ఇక్కడే రాసుకోండి. దాన్ని చూసి ఉంటే మిగతా భవనాల అమరిక తేలిగ్గా అర్థమవుతుంది.

రెండో వరుసలో అనుమతి ఉంటేనే లోపలికి రానిచ్చేవి. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ (నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ నివాసం), మలక్‌పేట వైపు ఉన్న ఆస్మాన్‌గఢ్, రాజ్‌భవన్ రోడ్డులోని బెల్లా విస్టా ఈ రకం. బెల్లా విస్టా 1905 నాటి కట్టడం. ఏడో నిజాం పెద్ద కొడుకు, బేరార్ యువరాజు ఆజం జా అక్కడ నివసించాడు. 1957 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా అందులోనే ఉంది.

మూడో వరుసలో రోడ్డు మీద నుంచి చూసి తృప్తి పడాల్సినవి: కింగ్ కోఠీలోని నజ్రీ బాగ్, నౌబత్ పహాడ్ మీది హిల్ ఫోర్ట్ ప్యాలెస్, ఎర్రమంజిల్, బేగంపేట పాయ్‌గా ప్యాలెస్. చివరిదాంట్లో 2023 వరకు అమెరికా కాన్సులేట్ ఉండేది. కేబీఆర్ పార్కులోని చిరాన్ ప్యాలెస్‌ను ఈ వరుసలో కూడా రాసుకోవద్దు. 1940లో కట్టిన ఆ భవనంలోకి పార్కుకు నడకకు వచ్చేవాళ్లను రానివ్వరు, పూర్తిగా వదిలేయడమే మంచిది.

మూడో వరుసను చిన్నచూపు చూడకండి. ముఖభాగాన్ని అరగంట సేపు శ్రద్ధగా చూస్తే, తోపులాటలో లోపలంతా తిరిగొచ్చిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఎలా చూడాలో కింద వివరంగా ఉంది.

రోజు ఎంచుకోవడం

శుక్రవారం వద్దు. నిజాం మ్యూజియం, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం మూడింటికీ శుక్రవారమే సెలవు. బయటి ఊళ్లలో మ్యూజియంలకు ఎక్కువగా సోమవారం సెలవు ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చేవాళ్లు ఈ ఒక్క విషయంలోనే ఎక్కువగా దెబ్బతింటారు. పైగా శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు చుట్టుపక్కల ప్రార్థనలకు వచ్చేవాళ్ల రద్దీ వల్ల వాహనాలు కదలవు.

ఆదివారం టికెట్ ఉన్న చోట్ల జనం ఎక్కువ. బడి, కాలేజీ, ఆఫీసు ఉన్న భవనాల్లో మాత్రం ఆదివారం అనుమతి ఇచ్చే మనిషే ఉండడు. కాబట్టి పాతబస్తీకి మంగళ, బుధవారాల్లో ఒకటి పెట్టుకోండి. అనుమతి కావాల్సిన వాటికి సంస్థవాళ్లు ఏ రోజు రమ్మంటే ఆ రోజే వెళ్లండి. బడిలో ఉన్న ఆస్మాన్‌గఢ్‌కు పిల్లలు వెళ్లిపోయాక సాయంత్రమో, సెలవు రోజు ఉదయమో అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. తరగతులు జరుగుతుండగా కొత్తవాళ్లను తిప్పడానికి ఏ బడీ ఇష్టపడదు, అది న్యాయమే కదా.

క్యాలెండర్‌లో మరో రెండు రోజులు చూసుకోండి. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు డబీర్‌పురా నుంచి బయల్దేరి పాతబస్తీ మీదుగా చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. గణేశ్ నిమజ్జనం రోజున చార్మినార్ మీదుగా, మొజంజాహీ మార్కెట్ మీదుగా ఊరేగింపులు వస్తాయి. ఆ రెండు రోజులూ చూడదగినవే, కానీ భవనాలు చూడటానికి పనికిరావు. రంజాన్ నెలలో ఉదయం పూట పాతబస్తీ ప్రశాంతంగా ఉంటుంది. ఆ నెలలో సాయంత్రం నాలుగు లోపు పని ముగించుకోండి, ఆ తర్వాత చార్మినార్ దారులన్నీ బజారుగా మారిపోతాయి.

కాలం సంగతికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వానాకాలంలో పాత గోడల పక్కన నిలబడొద్దు. నీరు పీల్చుకున్న సున్నపు గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతుంది.

అనుమతి ఉత్తరం

రెండో వరుసలోని భవనాలకు ఇదే అసలు మెట్టు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలితే పని జరగదు. జరిగినా అతని ఉద్యోగానికి ఇబ్బంది, అలా చేయకండి.

కనీసం పది రోజుల ముందు ఒక్క పేజీ ఉత్తరం రాయండి. భవనాన్ని వాడుకుంటున్న సంస్థ అధిపతికే రాయాలి. బడి అయితే ప్రిన్సిపాల్, విశ్వవిద్యాలయం అయితే రిజిస్ట్రార్, ఆస్పత్రి అయితే సూపరింటెండెంట్, శిక్షణ సంస్థ అయితే పరిపాలనా విభాగం. పురావస్తు శాఖకు రాసిన ఉత్తరం ఈ భవనాల్లో చాలావాటికి పనికిరాదు, ఎందుకంటే తాళాలు ఆ శాఖ దగ్గర ఉండవు.

ఉత్తరంలో వచ్చేవాళ్ల పేర్లు, ఎంతమంది, ఏ తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, దేనికోసం, ఫొటోలు తీస్తారా లేదా, మీ ఫోన్ నంబరు ఉండాలి. ఒకటికి రెండు తేదీలు ఇవ్వండి. ఆరుగురు దాటితే ఒప్పుకోవడం కష్టం కాబట్టి గుంపును చిన్నదిగా ఉంచండి. "భవనం వెలుపలి భాగం, మెట్లు, దర్బారు హాలు మాత్రమే చూస్తాం, తరగతి గదుల్లోకి, ఆఫీసు గదుల్లోకి రాము" అని ఒక వాక్యం స్పష్టంగా రాయండి. కాదనే చోట్ల ఎక్కువసార్లు భయం దీని గురించే ఉంటుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. నాలుగైదు రోజులకు ఫోన్ చేసి, ఆ ముద్ర మీది నంబరు చెప్పి అడగండి. "ఉత్తరం పెట్టాను" అనేదానికంటే "ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చాను" అంటే ఫైలు వెతుకుతారు. అనుమతి వచ్చాక ఆ కాగితం, ఆధార్ కార్డు రెండూ వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఉన్న ఫొటో చాలనుకోవద్దు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి కాగితాన్ని చేతికి తీసుకుని లోపలికి పంపాల్సి రావచ్చు.

పాతబస్తీ రోజు: పురానీ హవేలీ నుంచి మొదలు

ఉదయం పది గంటలకు పురానీ హవేలీ దగ్గర ఉండేలా చూసుకోండి, మ్యూజియం అప్పుడే తెరుస్తారు. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. ఆటో అబ్బాయికి "నిజాం మ్యూజియం" అంటే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర దింపే ప్రమాదం ఉంది. "పురానీ హవేలీ, దుర్రె షెహ్వార్ దవాఖానా" అనండి. ఆ ఆస్పత్రి అదే ఆవరణలో ఉంది, దాని పేరు అందరికీ తెలుసు. చార్మినార్ నుంచి నడిచి వచ్చినా పావుగంట, ఇరవై నిమిషాల్లో చేరతారు.

ఈ హవేలీని రెండో ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ రుక్నుద్దౌలా నుంచి తీసుకుని కొడుకు సికందర్ జా కోసం కేటాయించాడు. సికందర్ జా తర్వాత ఖిల్వత్‌కు, అంటే ఇప్పటి చౌమహల్లాకు మారిపోవడంతో ఇది పాత హవేలీ అయింది. లోపలికి అడుగుపెట్టగానే మ్యూజియం వైపు పరుగెత్తకుండా ముందు ఆవరణ మధ్యలో నిలబడి ఆకారం గమనించండి. రెండు పొడవాటి భవనాలు ఎదురెదురుగా సమాంతరంగా సాగుతాయి, వాటిని కలుపుతూ నివాస భవనం అడ్డంగా ఉంటుంది. ఈ అమరిక మనసులో ఉంటే లోపల ఎటువైపు నడుస్తున్నారో తెలుస్తుంది.

చాలామంది ఇక్కడికి వచ్చేది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా కోసం. బీరువా అన్నామే గానీ అది ఒక రెక్క పొడవునా సాగే రెండంతస్తుల చెక్క వరుస. పై అంతస్తుకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్ అక్కడే ఉంది. అటు చివర నుంచి ఇటు చివర వరకు ఒకసారి మామూలుగా నడవండి. రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు తలుపుల కీళ్లు, పై వరుస కటకటాలు, లిఫ్ట్ తిప్పే పిడి చూడండి. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. అందులో నిజమెంతైనా, బట్టలు దాచడానికి రాజభవనంలో ఒక పూర్తి రెక్కను కేటాయించారన్నది మాత్రం కళ్లెదుటే ఉంది.

మ్యూజియం భాగం 2000 ఫిబ్రవరి 18న మొదలైంది. అందులో ఎక్కువ వస్తువులు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి, అంటే 1937లో, వచ్చిన కానుకలు. ఆ వేడుకకు వాడిన బంగారు పూత సింహాసనం, నగరంలోని ముఖ్య భవనాల వెండి నమూనాలు ఉన్నాయి. 1930 నాటి రోల్స్ రాయిస్ కారు, జాగ్వార్ మార్క్ ఫైవ్ కారు కూడా ఇక్కడివే. వెండి నమూనాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఆ కాలంలో పాలకుడు తన నగరమని గర్వంగా చూపించుకున్నవి ఏమిటో ఆ వరుస చూస్తే తెలిసిపోతుంది. 2018 సెప్టెంబరులో ఇక్కడి బంగారు టిఫిన్ బాక్సు చోరీ అయి, కొద్ది రోజుల్లోనే దొరికింది. కాబట్టి సంచీ తెరిచి చూపించమంటే విసుక్కోవద్దు. కెమెరాకు అనుమతి, రుసుము టికెట్ కొనేటప్పుడే అడిగి తేల్చుకోండి. లోపలికి వెళ్లాక వాదన పెట్టుకుంటే సమయం పోతుంది.

గంటన్నర చాలు. పన్నెండు లోపు బయటపడండి.

బయటికి వచ్చాక పత్తర్‌గట్టీ వైపు నడుస్తూ దివాన్ దేవ్డీ కమాన్లు చూడండి. దేవ్డీ అంటే నవాబుల నివాస భవనం. నిజాంల దివాన్లైన సాలార్‌జంగ్ కుటుంబం నివసించిన భవన సముదాయం అది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది అక్కడే, 1968లో ఇప్పటి చోటుకు మారింది. భవనం పోయింది, కమాన్లు మిగిలాయి, వాటి కింద బజారు నడుస్తోంది. ఆగి చూసేది ఐదు నిమిషాలే అయినా ఒక దేవ్డీ ఎంత విస్తీర్ణంలో ఉండేదో ఆ కమాన్ల మధ్య దూరం చెబుతుంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఖుర్షీద్ జా దేవ్డీ. చార్మినార్ నుంచి లాడ్ బజార్ గుండా నడవండి. చివర మహబూబ్ చౌక్‌లో 1892లో పాయ్‌గా నవాబు ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం కనిపిస్తుంది. అక్కడి నుంచి హుస్సేనీ ఆలం వైపు వెళ్లాలి. దారి అడిగేటప్పుడు "ప్యాలెస్" అనకండి. "భాయ్, ఖుర్షీద్ జా దేవ్డీ కిధర్ హై?" అనండి, "బారాదరి" అన్నా అర్థమవుతుంది. పాతబస్తీలో ప్యాలెస్ అంటే పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు చూపించేస్తారు.

ఇది పాయ్‌గా నవాబు ఖుర్షీద్ జా నివాసం. ముందువైపు నిలువెత్తు యూరోపియన్ స్తంభాలు, వాటి ముందు వెడల్పైన మెట్లు. ఏళ్ల తరబడి నిర్లక్ష్యానికి గురై, తర్వాత మరమ్మతు పనులు మొదలయ్యాయి. పని జరుగుతున్న రోజుల్లో లోపలికి వదలరు. ఎదుటి మైదానం నుంచి ముఖభాగం మొత్తం ఒకేసారి కళ్లకు ఆనుతుంది. పాతబస్తీలో ఇంత దూరం నుంచి ఒక దేవ్డీని పూర్తిగా చూడగలిగే చోటు మరొకటి దొరకడం కష్టం. మా లెక్కలో ఈ రోజంతటిలో చూడాల్సిన దృశ్యం ఇదే. పక్కనే షాగంజ్‌లో ఇక్బాలుద్దౌలా దేవ్డీ ఉంది. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా పాత నివాసం అది. అక్కడ గోడలు, గేటు వరకే చూసి వచ్చేయండి.

సమయం మిగిలితే చౌమహల్లా. ఐదింటికి మూసేస్తారు కాబట్టి మూడున్నర దాటితే ఆ రోజుకు వదిలేయండి.

నిలబడి చూడటం ఎలా

ఏ భవనం దగ్గరైనా ముందు గేటు చూడండి. అంబారీతో ఏనుగు పోగలిగేంత ఎత్తుందా? పైన నౌబత్ (రాచ నగారా) వాయించే గది ఉందా? గేటు దాటగానే నేరుగా భవనం కనిపిస్తోందా, లేక దారి ఒక గోడ చుట్టూ తిరిగి వెళ్తోందా? తిరిగి వెళ్తుంటే లోపల జెనానా (ఆడవాళ్ల నివాసం) ఉండేదని అనుకోవచ్చు. రోడ్డు మీది చూపు ఆడవాళ్ల ఆవరణలోకి పడకుండా చేసిన ఏర్పాటు అది.

తర్వాత ముందు భాగాన్ని, వెనక భాగాన్ని పోల్చండి. పందొమ్మిదో శతాబ్దపు హైదరాబాద్ భవనాల్లో ముందువైపు గ్రీకు, రోమన్ తరహా స్తంభాలు కనిపిస్తాయి. ఇంగ్లిష్ రెసిడెంట్‌ను, అతిథులను కూర్చోబెట్టే చోటు అది. వెనకకు వెళ్తే మన పద్ధతి నడవాలు, మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి, హౌజు (నీటి తొట్టి) ఉంటాయి. ఒకే ఇంటికి రెండు ముఖాలన్నమాట. ఇది ఒక్కసారి పట్టుబడితే తర్వాత ఏ దేవ్డీకి వెళ్లినా మీ కాళ్లు వాటంతటవే వెనక వైపుకు దారి తీస్తాయి.

మూడోది గచ్చు. ఈ గోడల మీది పువ్వులు, తీగలు, కిరీటాలు ఎక్కువగా రాతిలో చెక్కినవి కావు, సున్నంతో పోత పోసి తీర్చినవి. డంగు సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ రసం లాంటివి కలిపి నూరేవారు. అలా చేసిన గచ్చు తేమను పీల్చుకుని మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని కొన్నేళ్లకు సిమెంటుతో పాటు పాత గచ్చు కూడా ఊడిపోతుంది. గోడ మీద బూడిదరంగు అతుకు, దాని అంచున తెల్లటి పొడి, పక్కన ఊడిన పెచ్చు కనిపిస్తే అక్కడ జరిగింది ఇదే. ఏ భవనం బాగుపడుతోంది, ఏది పాడైపోతోంది అన్నది ఈ ఒక్క గుర్తుతో చాలావరకు చెప్పొచ్చు.

పైకప్పు కూడా చూడండి. టేకు దూలాలున్న గది సాధారణంగా పాతది, ఇనుప దూలాలున్న గది తర్వాతిది. దూలం మీద అచ్చు వేసిన తయారీదారు పేరు ఉంటే ఫొటో తీసుకోండి, ఇంటికొచ్చాక వెతుక్కోవచ్చు. దీనికి చిన్న బైనాక్యులర్ ఎంతో ఉపయోగం. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది చాలు, అంతకంటే ఎక్కువదైతే చేయి వణికి బొమ్మ నిలవదు.

మెట్రో ఎర్ర గీత రోజు

మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో లైను, తెలిసి వేసినా తెలియక వేసినా, నాలుగు భవనాలను ఒకే దారం మీద కూర్చినట్టు వెళ్తుంది. రెండో రోజుకు దీన్నే వాడుకోండి.

ఎర్రమంజిల్ స్టేషన్‌లో దిగితే ఆ పేరు ఇచ్చిన భవనం పక్కనే గుట్ట మీద ఉంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఈ భవనంలో నూట యాభైకి పైగా గదులు. 2019లో దీన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు ఆ ఏడాది సెప్టెంబరు 16న కొట్టివేసింది. ఊరి జనం కోర్టుకెక్కి కాపాడుకున్న భవనం ఇది. లోపలికి వెళ్లే ఆశ పెట్టుకోకుండా, గచ్చు పని చూడటానికే గుట్ట ఎక్కండి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఏటవాలు వెలుగులో ఉబ్బెత్తు పువ్వుల నీడలు బాగా పడతాయి. మిట్టమధ్యాహ్నం అదే గోడ చదునుగా కనిపిస్తుంది.

తర్వాత లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషన్ నుంచి ఆటోలో హిల్ ఫోర్ట్ రోడ్డు. సర్ నిజామత్ జంగ్ 1915లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ పోలికలతో కట్టించుకున్న ఇల్లు అది. తర్వాత యువరాజు మొజం జా నివాసమైంది, ఆపై రిట్జ్ హోటల్. బయటి నుంచి ఒక చూపు చూసి ముందుకు సాగండి.

ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర కోఠి రెసిడెన్సీ. నిజానికిది రాజభవనం కాదు, ఈస్ట్ ఇండియా కంపెనీ రెసిడెంట్ నివాసం. అయినా దీన్ని చూడకుండా మిగతావి అర్థం కావు. ఊళ్లోని దేవ్డీలు ఆ తర్వాత వంద ఏళ్ల పాటు వాడిన స్తంభాల తరహాకు నమూనా ఇక్కడే ఉంది. 1798 నుంచి 1805 వరకు రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు, నమూనా గీసినవాడు శామ్యూల్ రస్సెల్. ఖైరున్నీసాను పెళ్లాడిన కిర్క్‌పాట్రిక్ ఆమె కోసం ఇక్కడే రంగ్ మహల్ కట్టించాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. తుర్రేబాజ్ ఖాన్ స్మారకం కోఠి బస్టాండు దగ్గర ఉంది, అది కూడా చూడండి. 1949 నుంచి ఇక్కడ మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడిది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ఆవరణ. అమ్మాయిలు చదువుకునే చోటు కాబట్టి అనుమతి లేదా ముందస్తు బుకింగ్ లేకుండా మగవాళ్లు గేటు దగ్గర నిలబడి వాదించడం అస్సలు బాగుండదు. లోపలికి వెళ్లాక ముందు మెట్ల దగ్గరి సింహాలు, తర్వాత దర్బారు హాలు, ఆ తర్వాత రెండు పాయలుగా పైకి లేచే మెట్ల దారి, ఈ వరుసలో చూడండి.

చివరగా ముసారాంబాగ్ స్టేషన్. అక్కడి నుంచి ఆస్మాన్‌గఢ్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు. 1887 నుంచి నిజాంకు ప్రధానమంత్రిగా పనిచేసిన ఆస్మాన్ జా దీన్ని 1885లో గుట్ట మీద కట్టించాడు. బురుజులు, కోట గోడ పళ్లు, నల్లరాయి, అచ్చం యూరప్ మధ్యయుగపు కోటలా ఉంటుంది. ఇప్పుడు బడి. ఆస్మాన్ జాకు ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా దాయాదులు. ఒకే పాయ్‌గా వంశంలో ఒకరు స్తంభాల దేవ్డీ, ఒకరు ఫలక్‌నుమా, ఒకరు కోట కట్టారు. ముగ్గురివీ చూశాక ఆ పోటీ ఎంత గట్టిగా సాగిందో మీకే తెలుస్తుంది.

కింగ్ కోఠీ విడిగా

దీనికి గంట చాలు. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లొచ్చు. కమాల్ ఖాన్ అనే ఆయన కట్టించుకున్న ఇంటిని ఏడో నిజాం కొన్నాడు. తలుపుల మీద ఉన్న "కేకే" అక్షరాలు మార్చకుండానే పేరు కింగ్ కోఠీ చేశాడు. చౌమహల్లా ఉండగానే ఇక్కడ కాపురం ఉండి, 1967 ఫిబ్రవరి 24న ఇక్కడే కన్నుమూశాడు. సముదాయంలో కొంత భాగం ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రి. అక్కడికి రోగులు, వాళ్ల బంధువులు వస్తుంటారు కాబట్టి వార్డుల వైపు కెమెరా తిప్పొద్దు. రోడ్డు మీద నుంచి నజ్రీ బాగ్ పరదా గేటు చూడండి. నిజాం బయటికి వెళ్లినప్పుడు ఆ పరదా ఎత్తి ఉంచేవారు, దాన్ని బట్టి ఆయన లోపల ఉన్నదీ లేనిదీ ఊరికి తెలిసేది. ఎదురుగా మస్జిదె జూదీ ఆవరణలో ఆయన సమాధి. చెప్పులు విప్పి, తల కప్పుకుని, నమాజు వేళలు తప్పించి వెళ్లండి. ఆడవాళ్లు లోపలికి అడుగుపెట్టే ముందు అక్కడివాళ్లను అడిగి వెళ్లడం మర్యాద.

ఎక్కడ పని చెడుతుంది

గేటు దగ్గర కాదన్నారంటే ఎక్కువసార్లు కారణం కెమెరా. పెద్ద కెమెరా, ట్రైపాడ్ చూడగానే సినిమా షూటింగో, స్థలం సర్వేనో అనుకుంటారు. వీటిలో కొన్ని భవనాల మీద ఆస్తి తగాదాలు నడుస్తున్నాయి, కొలతలు తీస్తున్నట్టు కనిపిస్తే అనుమానపడటం సహజం. ట్రైపాడ్ ఇంట్లో పెట్టండి, ఫోన్ చాలు. డ్రోన్ ఊసే వద్దు. రాజ్‌భవన్ రోడ్డులో, శాసనసభ దగ్గర భద్రతా సిబ్బంది వైపు, వాళ్ల గేట్ల వైపు ఫొటోలు తీయకండి.

ఫోన్ మ్యాప్‌లో పిన్ను చాలాసార్లు భవనం వెనక గోడ దగ్గర చూపిస్తుంది. దేవ్డీల ఆవరణల్లో ఇళ్లు, దుకాణాలు వచ్చి పాత గేట్లు మూసుకుపోవడమే దానికి కారణం. పిన్ను దగ్గరికి చేరి దారి కనిపించకపోతే చుట్టూ తిరగకుండా పక్క దుకాణంలో అడగండి. కాస్త పెద్ద వయసు మనిషైతే మరీ మంచిది, గేటుతో పాటు దాని కథ కూడా చెబుతారు.

పాడుబడిన భాగాల్లో చెక్క మెట్లు ఎక్కొద్దు, ఎంత గట్టిగా కనిపించినా సరే. చెదలు దూలాన్ని లోపల నుంచి తింటాయి, పైపొర మామూలుగానే ఉంటుంది. మేడ మీదికి వెళ్లకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది గానీ, దర్బారు, ముంగిలి, హౌజు లాంటి ముఖ్యమైనవి చాలావరకు కిందే ఉంటాయి. గబ్బిలాల వాసన గట్టిగా ఉన్న గదిలోకి ముక్కుకు గుడ్డ లేకుండా వెళ్లకండి.

సంచీలో నీళ్ల సీసా, టోపీ, ఆధార్, అనుమతి కాగితం, చిల్లర నోట్లు, బైనాక్యులర్, చిన్న టార్చి ఉండాలి. వేసుకునే చెప్పులు సులభంగా విప్పగలిగేవై ఉండాలి. టికెట్ లేని చోట్ల మరుగుదొడ్డి దొరకదు, కాబట్టి పురానీ హవేలీ మ్యూజియం నుంచి కదిలే ముందే ఆ పని చూసుకోండి. వాచ్‌మన్ భవనం తిప్పి చూపిస్తే ఎంతో కొంత ఇవ్వడం ఆనవాయితీ. ముందుగా డబ్బు చేతిలో పెట్టి లోపలికి వదలమనడం మాత్రం లంచం. ఉత్తరం పెట్టి అనుమతి తీసుకున్నవాళ్లకు ఆ అవసరమే రాదు.

లోపలికి వదలకపోతే ఇంకో తేదీ అడగండి. సంస్థ ఫోన్ నంబరు రాసుకుని, ఎదుటి పక్క నుంచి ముఖభాగం చూసి, జాబితాలో తర్వాతి భవనానికి ఆటో ఎక్కండి.